‘సంపూర్ణం’ అంటే ఏమిటో నాకు కోఠిలో తెలిసింది

బనాక్ స్పేస్ (గణితంలో కూడికలు చేయగలిగి, పొడవులు కొలవగలిగే ఒక ‘సంపూర్ణ’ లోకం) నిర్వచనంలో ‘సంపూర్ణం’ అన్న షరతు ఎందుకు, ఆ బనాక్ ఎవరు అని అడిగారు. ఎం.ఎస్సీ.లో నేనూ ఆ నిర్వచనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అర్థమైంది మాత్రం కోఠిలోని ఒక ఇరానీ హోటల్లో.

మిత్రుడొకడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న హైదరాబాద్ మ్యాపును పాలరాతి బల్ల మీద పరిచాడు. స్కేలు ఇరవై వేలకు ఒకటి. “దీని మీద ఒక చుక్క సరిగ్గా తాను చూపించే చోటనే ఉంది” అన్నాడు. నేను నమ్మలేదు. అసలు చార్మినార్ దగ్గర మొదలుపెట్టాడు. మ్యాపులో చార్మినార్ ఈ బల్ల మీద ఉంది: రెండు కిలోమీటర్ల అడుగు. ఆ చోటు మ్యాపులో ఎక్కడుంది? కోఠి దగ్గర: బెత్తెడు అడుగు. దాని తరువాతి అడుగు కంటికే ఆనలేదు. అడుగులన్నీ ఒక్క చుక్కలోకి కుదించుకుపోతున్నాయి. అప్పుడు వాడు సరిగ్గా అక్కడే పెన్సిల్‌తో పొడిచి, “ఇప్పుడు చెప్పు, ఎక్కడికి చేరతావు?” అన్నాడు. అలాంటి చిల్లులు లేకపోవడమే సంపూర్ణత. చిల్లుల్లేని చోట, దూరాలన్నిటినీ మ్యాపులా ఒకే నిష్పత్తిలో కుదిస్తే కదలని చుక్క ఒకటి, ఒక్కటే ఉంటుందన్న ఈ సిద్ధాంతం బనాక్ 1920 నాటి పరిశోధన వ్యాసంలోది, అచ్చయింది 1922లో.

స్టెఫాన్ బనాక్ 1892లో నేటి పోలండ్‌లోని క్రాకోవ్‌లో పుట్టాడు, పెంపుడు తల్లి దగ్గర పెరిగాడు. గణితంలో డిగ్రీ లేదు. 1916లో పార్కులో నడుస్తున్న స్టైన్‌హౌస్ అనే గణితవేత్తకు ‘లెబెగ్’ (ఒక ఫ్రెంచి గణితవేత్త పేరు) అన్న మాట చెవినపడింది. చూస్తే ఇద్దరు కుర్రాళ్లు, అందులో ఒకడు బనాక్. తరువాత ల్వూఫ్ (నేటి ఉక్రెయిన్‌లోని ల్వివ్) నగరంలో, స్కాటిష్ కాఫీ హోటల్లో, అచ్చం మనలాగే పాలరాతి బల్లల మీద పెన్సిల్‌తో లెక్కలు చేసేవారు. రాసినదంతా తుడుపులో పోతోందని 1935లో బనాక్ భార్య ఒక నోటు పుస్తకం కొనిచ్చింది. అందులో 1936లో బనాక్ సహచరుడు మజూర్ రాసిన ప్రశ్నకు బహుమతి బతికున్న బాతు! 1972లో ఎన్‌ఫ్లో అనే స్వీడన్ యువకుడు సమాధానం కనుక్కొని, వార్సాలో దాన్ని అందుకున్నాడు.

యుద్ధకాలంలో జర్మన్ల ఆక్రమణలో బనాక్ టైఫస్ జ్వరానికి టీకా తయారుచేసే సంస్థలో, ఆ టీకా కోసం పెంచే పేలకు తన రక్తం తాగించి బతికాడు. 1945 ఆగస్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, యాభై మూడేళ్లకే.

ఆదివారం ఆబిడ్స్ వెళ్లి పాత మ్యాపు వెతకండి. చిల్లు మాత్రం అడుగులన్నీ వేశాకే పొడవండి.