పూజ మందిరం మీద సిరా మరకలు

ప్రశ్న: నంగనల్లూరులో కొత్త ఫ్లాటులోకి వచ్చాం. టేకుతో పూజ మందిరం చేయించాం, పాలిష్ ఇంకా పెట్టలేదు. రోజూ రెండు కుందుల్లో దీపం పెడతాను, కార్తీకంలో ఇంకా ఎక్కువ. చెక్క అంటుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. తొందరగా మంట పట్టకుండా ఫైర్ రిటార్డెంట్ పూయమంటే, ఆచారి పొడి మందు నీళ్ళలో కలిపి మొదట వెనక పలక మీద పూసి చూపించాడు. మర్నాటికి అక్కడక్కడ నల్ల మరకలు, మిగతా చోట తెల్లటి పొడి. ముందు భాగం కూడా ఇలాగే పాడవుతుందా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు మీ ఆచారికి ఒక దండం. వెనక పలక మీద పూసి చూడాలన్న బుద్ధి పాలిష్ పనిలోకి వచ్చిన కొత్తలో నాకు లేదు. మైలాపూరులో ఒకరింట్లో సీలింగ్ పలకలకు ఈ మందే పూశాను. పాత పెయింటు డబ్బాలో కలిపి, ఇనప చువ్వతో తిప్పాను. తెల్లారి చూస్తే పలకల నిండా సిరా ఒలకబోసినట్టుంది. ఆ ఇంటాయన ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. రెండు వారాలు సొంత ఖర్చుతో గీకాను.

అది సిరాయే. టేకు, వేగిస, తుమ్మ లాంటి చెక్కల్లో వగరు ఉంటుంది. దానికి తడి తగిలి, ఇనుము కలిస్తే నలుపు దిగుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప ఉప్పు వేసి మన పెద్దలు సిరా చేసుకున్నదీ ఇలాగే. కాబట్టి ఇనుము ఎక్కడినుంచి వచ్చిందో మీ పలక మీదే వెతకండి. మేకుల తలల చుట్టూ నలుపుంటే మేకులది తప్పు. చిన్న చిన్న చుక్కలైతే స్టీల్ ఊల్‌తో రుద్దినప్పుడు రాలిన పొడి. పెద్ద పెద్ద మచ్చలైతే బకెట్టునో, బ్రష్షుకున్న రేకు పట్టీనో అనుమానించాలి. ఇకమీదట ప్లాస్టిక్ బకెట్టు, నైలాన్ బ్రష్షు, ఇత్తడి మరలు వాడమనండి.

పడిన మరక ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళతో పోతుంది. కానీ అది విషం. చేతికి గ్లవుజులు ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. తర్వాత మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్ళీ మందు పూయాలి.

తెల్ల పొడి సంగతి వేరు. మీ ఆచారి కలిపింది వెలిగారం (బోరాక్స్), బోరిక్ పొడి అయి ఉంటాయి. వెలిగారం మంట పాకకుండా చూస్తుంది, బోరిక్ పొడి నిప్పు కణకణలాడకుండా ఆపుతుంది. 1821లోనే గే-లుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నాటకశాలల బట్టలు అంటుకోకుండా వెలిగారం, అమ్మోనియం ఫాస్ఫేటు పనికొస్తాయని చూపించాడు. చిక్కేమిటంటే, బోరిక్ పొడి ఒక్కటే అయితే లీటరు చల్లటి నీళ్ళలో 50 గ్రాములకు కాస్త అటూ ఇటూ కరుగుతుంది. వేడి నీళ్ళలో ఎక్కువ పోసి కలిపేస్తే, చల్లారాక అదంతా చెక్క పైకి తేలుతుంది. బోరు నీళ్ళయితే వాటి ఉప్పు కూడా తోడవుతుంది. ఆర్‌ఓ నీళ్ళు వాడండి. ఒకేసారి దట్టంగా కాకుండా పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి. పూసిన పది నిమిషాలకు, చెక్క పీల్చుకోని మందును గుడ్డతో తుడిచేయాలి.

కొందరు ఎరువుల కొట్లో డీఏపీ కొనుక్కొచ్చి కలుపుతారు. అదీ ఫాస్ఫేటే, నిజమే. కానీ పొలానికి అమ్మే గుళికల్లో రంగూ మట్టీ ఉంటాయి, దాన్నుంచి వచ్చే అమ్మోనియా వగరు చెక్కను నల్లబరుస్తుంది. దాని జోలికి పోవద్దు.

ముందు భాగానికి ఇలా చేయించండి. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చెక్క పీచు లేస్తుంది. ఆరాక 180 నంబరు సాండ్‌పేపరుతో తేలిగ్గా రుద్దాలి. అప్పుడు మందు. నిలువు పలకలకు కింది నుంచి పైకి పూయాలి. పై నుంచి మొదలుపెడితే, కారిన చారలు కింద పొడి చెక్కలో ఇంకి అలాగే ఉండిపోతాయి. తర్వాత ఫ్యాను కింద కొన్ని రోజులు వదిలేయండి. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. గాలిలో తడికి చెక్క సరిగా ఆరదు, పైన వేసిన లక్కర్ పాలలా తెల్లబడుతుంది.

పాలిష్ పెట్టాక నీళ్ళ మందు లోపలికి దిగదు, పైనే మచ్చ కడుతుంది. అప్పటికి వేడి తగిలితే ఉబ్బే పారదర్శక పూత ఒక్కటే దారి. మంట తగిలితే అది అప్పడంలా పొంగి, నల్లటి నురగై చెక్కకు అడ్డు నిలుస్తుంది. చదరపు మీటరుకు ఎంత పట్టించాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆదా చేసి పల్చన చేస్తే డబ్బు దండగ. దానిమీద వేరే వార్నిష్ వేయాలంటే ఆ పూత తయారీదారు ఒప్పుకున్నదే వాడాలి.

మెరుపు కోసం అవిసె నూనె రుద్దుదామని మీ ఆచారి అంటే వద్దనండి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి.

ఎంత పూసినా చెక్క చెక్కే, కాలడం ఆలస్యమవుతుంది అంతే. కుందుల వెనక ఇత్తడి రేకు బిగించి, జ్వాలకు పైన ఉన్న అరను ఇంకాస్త ఎత్తుకు జరపమని చెప్పండి. పైన తోరణం చెక్కడానికి వాడింది టేకేనా, వేగిసా? వేగిస అయితే తడికి రంగు దిగుతుంది. దాని ముక్క ఒకటి విడిగా పూసి, రెండు రోజులు చూశాక మొదలుపెట్టండి.