డిక్కీ కాలితో తెరుచుకోవట్లేదా? సెన్సర్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి

మీ బాధ ఇది కదండీ: కొత్త ఎస్‌యూవీ, బంపర్ కింద కాలు పెడితే డిక్కీ తెరుచుకోవాలి. పదిసార్లు పెడితే రెండుసార్లే తెరుచుకుంటోంది, వాన పడితే అదీ లేదు. సెన్సర్ పోయిందా అని అడుగుతున్నారు. పోతే సాధారణంగా ఒక్కసారి కూడా తెరుచుకోదు. అప్పుడప్పుడూ పనిచేస్తోందంటే ముందు మీ కాలిని, కీని, బురదని చూడాలి.

చాలా బళ్లలో బంపర్ లోపలివైపు అడ్డంగా రెండు తీగలు ఉంటాయి. కింద అంచు దగ్గరున్నది పాదాన్ని, కాస్త పైనున్నది ముంగాలిని (మోకాలి కింద ముందువైపు భాగం) పసిగడుతుంది. అక్కడ కెమెరా ఏమీ లేదు. మన ఒళ్లు దగ్గరికొస్తే ఆ తీగల కెపాసిటెన్స్ (విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే గుణం) మారుతుంది. ఆ మార్పు రెండింటిలోనూ కనబడి, సుమారు సెకనులో పోవాలి. అప్పుడే అది "కాలు" అని సెన్సర్ నమ్ముతుంది. పిల్లి దూరినా, కోడి వచ్చి కూర్చున్నా తెరుచుకోకూడదు కదా.

అందరూ చేసే పొరపాటు, చీపురుతో ఊడ్చినట్టు కాలు అటూ ఇటూ ఆడించడం. అలా కాదు. బంపర్‌కి అడుగు దూరంలో, మధ్యలో నిలబడండి (కొన్ని బళ్లకి సెన్సర్ ఓ పక్కకి ఉంటుంది, మాన్యువల్లో బొమ్మ చూడండి). బంతిని మెల్లగా తన్నినట్టు కాలు నేరుగా లోపలికి పోనిచ్చి, ఆగకుండా వెనక్కి లాగండి. ముంగాలు కూడా బంపర్ దగ్గరికి రావాలి, వేళ్లు ఒక్కటే దూర్చితే చాలదు. లోపల ఉంచేసినా తెరుచుకోదు. కాలు దించాక ఓ అడుగు వెనక్కి జరగండి, లేకపోతే తలుపు గడ్డానికి తగులుతుంది. తలుపు లేస్తుండగా కంగారుపడి రెండోసారి తన్నితే మధ్యలోనే ఆగిపోవచ్చు. సైలెన్సర్ గొట్టం వేడిగా ఉంటుంది, దానికి దూరంగా.

తర్వాత కీ. అది మీ ఒంటి మీదే, డిక్కీకి మీటరు లోపు ఉండాలి. స్టీలు క్యారేజీ ఉన్న సంచిలో వేసినా, సెల్‌ఫోన్‌కి ఆనించి జేబులో పెట్టినా సిగ్నల్ అందకపోవచ్చు. డోరు తెరవడానికి కూడా రెండోసారి నొక్కాల్సి వస్తోందంటే కీలో బిళ్ల బ్యాటరీ మార్చండి. చాలావాటికి సీఆర్2032, పాతదాని మీద నంబరు చూసి కొనండి.

ఇక మన కోనసీమ వానాకాలం. చెరువు గట్ల మీద తిరిగిన బండికి బంపర్ కింద జిగటమట్టి అట్టకట్టేస్తుంది. తడి మట్టి తీగల ముందు ఎప్పుడూ ఉండే అడ్డులా మారి, మీ కాలు తెచ్చే మార్పు అందులో కలిసిపోతుంది. కింద అంచు వేలితో తడిమి చూడండి, గరుకుగా తగిలితే కడిగి, గుడ్డతో తుడవండి. గమ్‌బూట్లతో కూడా ఒక్కోసారి పట్టుకోదు. రెండు చేతుల్లో ఐసు కారుతున్న రొయ్యల బాక్సు పెట్టుకుని జారుడు గట్టు మీద ఒంటికాలి విన్యాసం మాత్రం వద్దండీ. కీ మీద బటన్ ఉంది కదా.

కడిగేటప్పుడు ఇంకో తంటా. ప్రెషర్ నీళ్లు బంపర్ కింద ఆడితే కాలనుకుని డిక్కీ తెరుచుకోవచ్చు. కీ దూరంగా పెట్టండి, లేదా సెట్టింగ్స్‌లో ఈ సదుపాయం ఆపేయండి.

వెనక ఇనప గార్డు బిగించారా? సెన్సర్ మొండికేయడానికి అదొక్కటీ చాలు. తీసి చూడండి.

హ్యుందాయ్ వెర్నా లాంటివాటిలో తన్నే పనే లేదు. మెనూలో స్మార్ట్ ట్రంక్ ఆన్ చేసి, డోర్లు లాక్ చేసి, కీతో డిక్కీ వెనక మూడు సెకన్లకి పైగా నిలబడితే చాలు. లాక్ చేసి అక్కడే తచ్చాడితే పనిచేయదు, కాస్త దూరం వెళ్లి రావాలి.

పోర్టికో కప్పు తక్కువైతే మోటారు డిక్కీ తలుపుని కావలసిన ఎత్తులో ఆపి, దాని మీది బటన్‌ని బీప్ వచ్చేదాకా నొక్కి ఉంచండి. చాలా బళ్లు ఆ ఎత్తు గుర్తుపెట్టుకుంటాయి.

ఇవన్నీ సరిచూశాక, ఆరిన బంపర్‌తో పదికి పదిసార్లూ తప్పితే సర్వీసుకి తీసుకెళ్లండి. ఈమధ్య సొట్టకో పెయింటుకో బంపర్ విప్పించి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. తిరిగి బిగించేటప్పుడు సెన్సర్ కనెక్టర్ పెట్టడం మరిచిపోవడం మామూలే.