ఇబ్బందేమీ లేదు, రిపోర్టు మాత్రం బాగా లేదు: మందులు వాడాలా?

దురద లేదు, దుర్వాసన లేదు, తెల్లబట్ట కావడం లేదు. అయినా యోని స్వాబ్ సీక్వెన్సింగ్ (బాక్టీరియా డీఎన్‌ఏను చదివే పరీక్ష) రిపోర్టులో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బాక్టీరియా బాగా తక్కువని వచ్చింది, యాంటీబయాటిక్ వాడాలా అని ఒకరు అడిగారు. ఆ ఒక్క కాగితం చూసి వాడవద్దనే అంటాను. గర్భిణి అయితే మాత్రం డాక్టరుకు చూపించండి.

నేను వైద్యురాలిని కాను. యోని స్వాబ్‌ల నుంచి డీఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్ చేయడం నా ఉద్యోగం. రిపోర్టులోని బాక్టీరియా శాతాలు ఎలా పుడతాయో మాత్రం దగ్గరగా చూస్తుంటాను.

ఇలాంటి పరీక్షల్లో చాలావరకు బాక్టీరియా డీఎన్‌ఏను మొత్తం చదవరు. అన్ని బాక్టీరియాల్లోనూ ఉండే 16ఎస్ జన్యువు పొడవు సుమారు 1,500 అక్షరాలు. అందులో ఒక ముక్కకు ప్రతులు తీసి చదువుతారు. ఏ ముక్క, ఏ ప్రైమరు (ప్రతులు తీయడం మొదలవడానికి జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునక) అన్న దగ్గరే ఉంది మెలిక. ఒకే స్వాబ్‌ను రెండు ప్రైమర్లతో నడిపితే ఒకదానిలో గార్డ్‌నెరెల్లా అనే బాక్టీరియా దండిగా కనిపించి, రెండోదానిలో దాదాపు మాయమవడం మా దగ్గర చూశాను. విస్తృతంగా వాడే పాత ప్రైమరు ఒకటి ఆ బాక్టీరియా జన్యువుకు సరిగా అతుక్కోదు మరి. ప్రతి విడతలోనూ ఎవరినీ తాకని ఖాళీ స్వాబ్ ఒకటి కలిపి నడుపుతాం. దానిలోనూ బాక్టీరియా పేర్లు వస్తాయి, అవి పరీక్షకు వాడే రసాయనాల్లోంచి వచ్చినవి! కాబట్టి రిపోర్టు అడుగున ఉండే వింత పేర్లకు నిద్ర పాడుచేసుకోకండి.

పైగా శాతం వేరు, సంఖ్య వేరు. మిగతావి పెరిగినా లాక్టోబాసిల్లస్ శాతం పడిపోతుంది.

2011లో పరిశోధకుడు జాక్ రావెల్ బృందం ఏ లక్షణాలూ లేని 396 మంది మహిళలను పరిశీలిస్తే, నాలుగో వంతుకు పైగా మహిళల్లో లాక్టోబాసిల్లస్ ఆధిపత్యం లేదు. ‘అసమతుల్యత’ అని ఎర్రగా ముద్రించి పక్కనే ప్రోబయాటిక్ అమ్మే రిపోర్టులంటే నాకు ఒళ్లుమంట.

అలాగని లాక్టోబాసిల్లస్‌కు విలువ లేదనను. అది తయారుచేసే లాక్టిక్ ఆమ్లం వల్లే యోనిలో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 4.5 కంటే తక్కువగా ఉంటుంది. లాక్టోబాసిల్లస్ తక్కువగా ఉన్నవారిలో నెలలు నిండని కాన్పుల ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే అది సమూహాల లెక్క. లాక్టోబాసిల్లస్‌లో ఏ జాతి అన్నది కూడా చూడాలి: క్రిస్పేటస్ అనే జాతి స్థిరంగా ఉంటుంది, ఐనర్స్‌ను అంతగా నమ్మలేం.

లక్షణాలు మొదలైతే డాక్టరు పీహెచ్ కాగితంతో, సూక్ష్మదర్శినితో చూస్తారు. మళ్లీ సీక్వెన్సింగ్ చేయించుకోవాలనిపిస్తే నెలసరి రోజుల్లో వద్దు, అప్పుడు బాక్టీరియా సహజంగానే మారుతుంది. అదే ల్యాబ్‌కు ఇవ్వండి. ల్యాబ్ మారితే ప్రైమర్ల తేడానే శరీరంలో మార్పు అనుకునే ప్రమాదం ఉంది.