మెట్ల మీద హోంవర్క్

ప్రశ్న: మా పక్క వాటాలో ఏడేళ్ల పాప ఉంది. తల్లి లేదు. తండ్రి తాళం వేసుకుని పోతాడు, రాత్రి తొమ్మిదింటికి తాగి వస్తాడు. పాప బడి నుంచి వచ్చి మెట్ల మీదే కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని హోంవర్క్ రాసుకుంటుంది. నేను అన్నం పెడితే సగం తిని సగం డబ్బాలో దాచుకుంటుంది. మొన్న చేతి మీద వాతలు చూశాను. "వాళ్లింటి గొడవ మనకెందుకు" అంటారు మావారు. పైవాటా అబ్బాయి వీడియో తీసి గ్రూపులో పెడదామంటున్నాడు. ఫోన్ చేస్తే పాపను ఏ హాస్టల్లోనో పడేస్తారేమోనని టెన్షన్. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు ఆ అబ్బాయిని ఆపండమ్మా. ఇలాంటి పిల్లల ఫొటో, పేరు, బడి వివరాలు బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. చట్టం సంగతి అటుంచండి, ఆ వీడియో చూసిన పిల్లల మధ్యే కదా పాప రేపు క్లాసులో కూర్చోవాలి!

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మానేయండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు వచ్చి చూసి, అవసరమైతే బాలల సంక్షేమ కమిటీ ముందు పెడతారు. హాస్టల్ భయం అందరికీ ఉంటుంది గానీ, చట్టం ప్రకారం సొంత మనుషుల దగ్గర ఉంచడమే మొదటి దారి, పిల్లల హోమ్ ఆఖరిది. అమ్మమ్మో మేనత్తో ఉన్నారేమో కనుక్కోండి. వాళ్లకు పెంచే స్తోమత లేకపోతే, అర్హత చూసి కేంద్రం వారి పిల్లల పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కూడా ఉంది.

మీవారికి చెప్పండి, మొగుడూ పెళ్లాల కీచులాటనైతే గొడవ అనొచ్చు, ఏడేళ్ల పిల్ల చేతి మీద వాతలను గొడవ అనరు. అలాగని పాప తండ్రి తాగి ఉన్నప్పుడు నలుగురూ కలిసి ఆయన మీదికి పోకండి, మీరు వెళ్లిపోయాక ఆ కోపమంతా పాప మీదే తీర్చుకుంటాడు. ఇంటి ఓనరుతో, క్లాస్ టీచరుతో విడిగా మాట్లాడండి. మీకు కనిపించనివి టీచరుకు కనిపిస్తాయి. ఎవరు కాల్చారని పాపను గుచ్చి గుచ్చి అడగొద్దు, తనంతట తను చెబితే వినండి, తేదీ వేసి రాసిపెట్టుకోండి. కళ్ల ముందే కొడుతుంటే మాత్రం అత్యవసర నంబరు 112.

ఫోన్‌లో ఆ అన్నం డబ్బా సంగతీ చెప్పండి, వాతలంత ముఖ్యం అది కూడా. ఇవాళే చేయండి, ఆదివారం దాకా ఆగకండి.