డ్రోన్‌లో డిఫిబ్రిలేటర్ వస్తే మన ఊళ్లలో ప్రాణం నిలబడుతుందా?

మీ ఊరికి 108 రావడానికి అరగంట పడుతుందని, స్వీడన్‌లోలాగా డ్రోన్‌తో డిఫిబ్రిలేటర్ (ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) పంపితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. నేను ఆరేళ్లకు పైగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఈ ప్రయోగం మొదలైంది ఈ చుట్టుపక్కలే. నా జవాబు ఉంటుందనే. అయితే అంతకంటే ముందు మనకు రావాల్సింది ఇంకొకటి ఉంది.

2016లో మా బాబాయి భీమవరం దగ్గర మా ఊళ్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటూ కూలిపోయారు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అనుకుని ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు. పిన్ని మొహాన నీళ్లు చల్లింది. మధ్యమధ్యలో గురకలాంటి శబ్దం వస్తుంటే ‘ఊపిరి ఆడుతోంది, ఏం కాదు’ అన్నాం. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ప్రాణం పోయి చాలాసేపయిందన్నారు.

ఆ గురక ఊపిరి కాదని నాకు ఇక్కడికొచ్చాకే, ఆఫీసులో పెట్టిన సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తాన్ని నడిపించడం) క్లాసులో తెలిసింది. గుండె హఠాత్తుగా ఆగితే మెదడుకు రక్తం అందక ఒళ్లు ఫిట్స్ వచ్చినట్టే కొట్టుకోవచ్చు. కొన్ని నిమిషాలపాటు ఎగశ్వాస రావచ్చు. మనం అన్నిటికీ గుండెపోటు అనేస్తాం కానీ, గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, చాలామంది స్పృహలోనే ఉండి నొప్పి అని చెప్పగలరు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని పంపు చేయడమే మానేస్తుంది. చాలామందిలో మొదట గుండె పూర్తిగా ఆగదు, లయ తప్పి వణుకుతూ ఉంటుంది. డిఫిబ్రిలేటర్ షాక్ పనిచేసేది ఆ వణుకు మీదే. సీపీఆర్ కూడా చేయకుండా వదిలేస్తే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అరగంట అంటే ఇక లెక్క వేయక్కర్లేదు. డ్రోన్ ఆలోచన పుట్టింది ఇందుకే.

ఇక్కడ కొన్ని ప్రాంతాల్లో, గుండె ఆగిందేమోనని 112కి ఫోన్ చేస్తే అంబులెన్స్‌తో పాటు డ్రోన్ కూడా బయల్దేరేలా ఏర్పాటు చేశారు. ఇంటి మీద దాదాపు 30 మీటర్ల ఎత్తులో ఆగి, తాడుతో డిఫిబ్రిలేటర్ పెట్టెను కిందికి దింపుతుంది. 2021 డిసెంబరులో ట్రోల్‌హెట్టన్‌లో 71 ఏళ్ల పెద్దాయన ఇంటి ముందు మంచు తీస్తూ పడిపోతే, మూడు నిమిషాలు దాటీ దాటకుండానే యంత్రం వచ్చింది. ఆయన బతికారు. కానీ పెట్టె దిగేసరికే, ఆ దారిన వెళ్తూ ఆగిన ఒక డాక్టరు ఆయన ఛాతీ నొక్కుతున్నారు.

స్వీడన్‌లోని వైద్య విశ్వవిద్యాలయం కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2021 ఏప్రిల్ నుంచి 2022 మే వరకు జరిపిన అధ్యయనం చూడండి. గుండె ఆగిందేమోనన్న అనుమానంతో వచ్చిన కాల్స్ 211. డ్రోన్ ఎగిరింది 72సార్లు. వానలో, పెద్ద గాలిలో ఎగరలేదు మరి. 58సార్లు పెట్టె దిగింది. పోల్చి చూడగలిగిన 55 కేసుల్లో 37సార్లు అంబులెన్స్ కంటే ముందే చేరింది, అందులో సగం సార్లు మూడు నిమిషాలకు పైగా ముందు. ఆ 37లో నిజంగా గుండె ఆగినవాళ్లు 18 మంది. వాళ్లలో అక్కడున్నవాళ్లు యంత్రాన్ని తగిలించగలిగింది ఆరుగురికే.

నేను ఎక్కువ ఆలోచించేది ఈ ఆరు గురించే. ఇంట్లో ఒక్కరే ఉంటే ఛాతీ నొక్కడం వదిలేసి బయటికి వెళ్లకూడదు. మరి పెట్టె ఎవరు తేవాలి? ఈ విషయంలో మన ఊళ్లు నయం. కేక వేస్తే పదిమంది వస్తారు, పెట్టె దిగడానికి వాకిలి ఉంటుంది. కరెంటు తీగలు, కొబ్బరిచెట్లు అడ్డమే, కాదనను. ఎగరడం మనకు కొత్త కాదు, 2021లోనే వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపి చూశారు. ఆ వచ్చిన పదిమందికీ ఏం చేయాలో తెలియకపోవడమే నా భయం. మా బాబాయి చుట్టూ అంతకంటే ఎక్కువమందే ఉన్నాం.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే అనుకోండి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో ఎముక మీద రెండు చేతులూ పెట్టి నొక్కాలి. 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120సార్లు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే చేతుల్లో బలం తగ్గిపోతుంది. యంత్రం దొరికితే దాన్ని ఆన్ చేయండి, ఏం చేయాలో అదే చెబుతుంది. షాక్ అవసరం లేకపోతే అది ఇవ్వదు, కాబట్టి టెన్షన్ పడొద్దు.

పోయిన సంక్రాంతికి మా పిన్నికి, వీధిలో పిల్లలకు దిండు మీద నేర్పించాను. ఈసారి కూడా వస్తున్నాను. మీది గోదావరి జిల్లాలైతే చెప్పండి, ఒక పూట మీ ఊరికి వస్తాను.