గ్లాస్గోలో ఒక రోజు గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

స్కాట్లండ్‌లోని గ్లాస్గో గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. కల్లెన్ స్కింక్ సూప్ గురించి రాసిన పేరా బాగుంది. పొగబెట్టిన హ్యాడక్ చేప, బంగాళదుంప, ఉల్లిపాయ, పాలు ఏ వరసలో వేస్తారో వంటావిడని అడిగి మరీ రాశావు. దాన్ని ముట్టుకోకు.

మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది. సాయంత్రం గ్లాస్గో గ్రీన్ పార్కు పక్కన, బీరు కాచి అమ్మే వెస్ట్ బ్రూవరీకి వెళ్ళావు. "వెనిస్ ప్యాలెస్ లాంటి కలర్‌ఫుల్ బిల్డింగ్, చేతిలో చల్లని బీరు, మొదటిసారి నాతో నేను గడిపాను" అన్నావు. ఆ తర్వాత పేజీన్నర నీ మనసు సంగతే. ఆ బిల్డింగ్ ఒకప్పుడు టెంపుల్టన్ వాళ్ళ తివాచీల ఫ్యాక్టరీ. వెనిస్‌లోని డోజ్ ప్యాలెస్ నమూనాలో ఆర్కిటెక్ట్ విలియం లైపర్ గీశాడు. 1889 నవంబర్ 1న, ఆ ముందు గోడ ఇంకా కడుతుండగానే, పెద్దగాలికి కూలి పక్కనున్న నేత షెడ్ల మీద పడింది. లోపల పనిచేస్తున్న 29 మంది ఆడవాళ్ళు, అమ్మాయిలు చనిపోయారు. వాళ్ళ స్మారకం ఆ దగ్గర్లోనే ఉంది. నీ వ్యాసంలో గోడ రంగులున్నాయి, వాళ్ళు లేరు.

ఒంటరిగా తిరిగేవాళ్ళకి పక్కన మాట్లాడే మనిషి ఉండరు. కళ్ళూ చెవులూ ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని మళ్ళీ నీ ఊసులతోనే నింపుకుంటే ఒంటరిగా తిరిగి ఏం లాభం? ఒక ఊరి గురించి రాయడమంటే అక్కడ ఎవరు ఏ పని చేశారో, చేస్తున్నారో రాయడం. నేను ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట పట్టుకునే రాశాను. వదలను.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. నీ వయసులో నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చి రాసిన యాత్రా వ్యాసాన్ని ఒక వారపత్రిక ఎడిటర్ "ఆడవాళ్ళు చదివే పత్రిక అమ్మా" అంటూ దిద్దాడు. "నేను" అని ఉన్న ప్రతిచోటా "మేము" చేశాడు. రేవు దగ్గర కూలీలతో కూర్చుని తిన్న భోజనం తీసేసి, బస్సు టైములూ లాడ్జి రేట్లూ పెట్టమన్నాడు. అచ్చయిన వ్యాసం చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత ఆ పత్రికకి ఒక్క అక్షరం పంపలేదు. ఒంటరిగా వెళ్ళానని రాసే హక్కు కోసం మాలాంటి వాళ్ళం అంత కొట్లాడాం కాబట్టే, నువ్వు దాన్ని ఇలా ఖర్చు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. ఇప్పుడొచ్చిన ఫ్యాషనూ అదేగా! ఏ ఊరెళ్ళినా "నన్ను నేను కనుక్కున్నాను" అని ముగించడం. ఊళ్ళో వాళ్ళు ఏమైపోయారు?

బీరు గురించి. "నేను రెగ్యులర్‌గా తాగను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు" అన్న అరపేజీ కొట్టెయ్. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. "టేస్ట్ అదిరింది" కూడా కొట్టెయ్. నువ్వు తాగింది సెయింట్ మంగో అనే లాగర్ రకం బీరు. బార్లీ, హాప్స్ పూలు, నీళ్ళు తప్ప ఇంకేం వాడకూడదని జర్మనీలోని బవేరియాలో 1516లో పెట్టిన శుద్ధి నియమం ప్రకారం కాచేది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టాలి. లాగర్‌ని చల్లగా పులియబెట్టి, చల్లగానే వారాల తరబడి ఉంచాలి. ఆ ఓపికకి నీ నాలుక మీద ఏం తెలిసింది? చేదు ముందు తగిలిందా, మింగాక తగిలిందా? అది రాయి. "ఒక గ్లాసు" అనకు, హాఫ్ పింట్ అను, 284 మిల్లీలీటర్లు. ఒక్కదానివే వెళ్ళినప్పుడు హాఫ్‌లే నయం, ఇంకో రకం కూడా రుచి చూడొచ్చు.

ఇంకో సంగతి. మంగో ఆ ఊరి రక్షక సాధువు. పొద్దున నువ్వు కేథడ్రల్ కింది అంతస్తులో దండం పెట్టుకున్నానన్న సమాధి ఆయనదే. పొద్దున సమాధి, సాయంత్రం ఆయన పేరున్న బీరు. రెండూ నీ వ్యాసంలోనే ఉన్నాయి, రెంటినీ కలపలేదు! నెక్రోపోలిస్ శ్మశానం గుట్ట పక్కన "ఏదో ఫ్యాక్టరీ" అన్నావే, అది టెనెంట్స్ వాళ్ళ వెల్‌పార్క్ బ్రూవరీ. అక్కడ 1885 నుంచి లాగర్ కాస్తున్నారు. బీరు మీద వ్యాసం రాస్తూ ఎవరినీ అడక్కపోవడమేమిటి?

అక్కడి వంటకం హ్యాగిస్‌ని "వెరైటీ" అని వదిలేశావు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు కొట్టి, ఓట్స్, ఉల్లి, కొవ్వు కలిపి ఉడికిస్తారు. బోటి కూర తిని పెరిగిన మనవాళ్ళకి అది వింతగా ఎందుకుండాలి?

కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు డాలీ వేసిన శిలువ చిత్రం ముందు ఏడ్చానన్నావు. నమ్ముతాను. కానీ 1952లో ఆ ఊరు దాన్ని 8,200 పౌండ్లకి కొన్నప్పుడు, ఆ డబ్బు స్థానిక చిత్రకారుల కోసం ఖర్చుపెట్టాలని ఆర్ట్ స్కూల్ విద్యార్థులు అర్జీ పెట్టారు. నీ కన్నీళ్ళ పక్కన వాళ్ళకీ రెండు వాక్యాల చోటివ్వు.

ఎన్ని ఫొటోలు పెట్టాలి, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. అవి తర్వాత.

నువ్వు ఉండేది ఆ ఊళ్ళోనే కాబట్టి, ఈ ఆదివారం స్మారకం దగ్గరికి వెళ్ళు. పేర్లన్నీ చదివి కాగితం మీద ఎక్కించుకో. వెస్ట్‌లో పనిచేసేవాళ్ళని ఆ గోడ గురించి అడుగు, ఏమన్నారో అన్నట్టుగానే రాయి. ముందు ఆ పేరా ఒక్కటే పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి