బ్లైత్‌బర్గ్ తలుపు చూసి బాబు భయపడుతుంటే

అక్కా, ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో బ్లైత్‌బర్గ్ చర్చి తలుపు మీద నల్లకుక్క గోళ్ల గుర్తులు చూసొచ్చినప్పటి నుంచి మీ బాబు నిద్రపోవట్లేదన్నారు. టెన్షన్ పడకండి, ముందు అసలు సంగతి చెప్పండి వాడికి.

జానపద కథల్లోని ఆ దెయ్యపు కుక్కను బ్లాక్ షక్ అంటారు. 1577 ఆగస్టు 4, ఆదివారం ప్రార్థన వేళ పెద్ద గాలివాన వచ్చింది. సఫోక్‌లోనే ఉన్న బంగే ఊరి చర్చిలో ఇద్దరు చనిపోయారు. నల్లకుక్కే చంపిందని, అదే రోజు బ్లైత్‌బర్గ్ చర్చికీ వచ్చిందని అబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత కరపత్రం వేశాడు. బంగే చర్చి రిజిస్టర్‌లో మాత్రం గాలివాన మాటే ఉంది, కుక్క ఊసే లేదు.

తలుపు ఫోటో పెద్దది చేసి చూపించండి. అవి గీరిన గీతలు కావు, నల్లగా కాలిన మచ్చలు. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల దూలాల మీదా ఇలాంటివి బోలెడు. కీడు రాకుండా కొవ్వొత్తి మంటతో కావాలనే కాల్చేవారని చరిత్రకారులు అంటారు. మనం దిష్టి తీసినట్టే అనుకోండి.

పడుకునే ముందు సోమర్‌సెట్ కథ చెప్పండి. క్వాంటాక్ కొండల్లో ‘గర్ట్ డాగ్’ కాపలా ఉంటుందని తల్లులు పిల్లల్ని ధైర్యంగా ఆడుకోనిచ్చేవారట. లింకన్‌షైర్ నల్లకుక్క అయితే, రాత్రి ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు తోడుగా నడిచేదట. నాకు ఈ రెండు కుక్కలే ఎక్కువ ఇష్టం.